కీనై తీరంలో వేసవి: సాల్మన్‌ను బట్టి వేసుకునే అలాస్కా ప్లాన్

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాల అలాస్కా ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది. వారం సెలవు పెడతారు. అందులో ఆంకరేజ్, డెనాలి, ఫెయిర్‌బ్యాంక్స్, మళ్లీ కిందికి దిగి స్యూవర్డ్, వీలైతే ఓ క్రూజ్. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే, వాళ్లకు అన్నీ చూపించేయాలన్న తొందర ఇంకాస్త ఎక్కువ. తిరిగొచ్చాక చూస్తే ఫోన్ నిండా కొండల ఫొటోలే. ఎలుగుబంటి మాత్రం ఎక్కడో దూరంగా ఓ నల్లచుక్క.

నా సలహా వేరు. డెనాలిని మరో ఏడాదికి వదిలేయండి. ఆంకరేజ్‌కు దక్షిణాన ఉన్న కీనై ద్వీపకల్పం ఒక్కదానికే ఎనిమిది, తొమ్మిది రోజులు ఇవ్వండి. ఒకవైపు పసిఫిక్, ఇంకోవైపు కుక్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయ, మధ్యలో మంచుకొండలు, అన్నిటినీ కలుపుతూ మంచి తారు రోడ్డు. తిమింగలాలు, సీ ఆటర్లు (సముద్రపు నీటికుక్కలు), పఫిన్ పక్షులు, ఎలుగుబంట్లు, మూస్‌లు (భారీ జింకలు) అన్నీ ఇక్కడే, లేదంటే ఇక్కడి నుంచి గంటో గంటన్నరో చిన్న విమానంలో వెళ్తే చేరే దూరంలోనే ఉంటాయి.

అయితే ఇక్కడ జంతువు ఎక్కడుందని అడిగితే సరైన జవాబు దొరకదు. దాని తిండి ఈ వారంలో ఎక్కడుందని అడగాలి. ఆ తిండిలో పెద్ద వాటా సాల్మన్ చేపలది. గోదావరి జిల్లాల వాళ్లకు ఈ సంగతి పెద్దగా వివరించక్కర్లేదు. వరద నీరు రాగానే పులస సముద్రం నుంచి గోదావరికి ఎదురీదినట్టే, సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి తాను పుట్టిన నదికే తిరిగొస్తుంది. తేడా ఏమిటంటే, పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక వెనక్కి పోదు, అక్కడే చచ్చిపోతుంది. ఎలుగులు ఒడ్డున సగం తిని అడవిలో పడేసిన చేపలు చివరికి చెట్లకు ఎరువవుతాయి.

మొదటి పని: నెల తేల్చుకోవడం

మే చివరి నుంచి సెప్టెంబర్ మొదటి వారం వరకు సీజన్. అన్ని నెలలూ ఒకటి కావు.

జూన్‌లో పగలు చాలా పొడవు. జూన్ 21 ప్రాంతంలో ఆంకరేజ్‌లో 19 గంటలకు పైగా వెలుతురు ఉంటుంది, రాత్రి పదకొండున్నరకు కూడా పూర్తిగా చీకటి పడదు. మే, జూన్‌లలో ఓర్కాలు (కిల్లర్ వేల్స్) కనిపించే అవకాశం బాగుంటుంది. సీల్ పిల్లలు మంచుగడ్డల మీద కనిపించేదీ ఇప్పుడే. వానలు కొంచెం తక్కువ. కానీ కొండమీది దారుల్లో పైభాగాన ఇంకా మంచు ఉంటుంది, నదుల్లో సాల్మన్ రాక అప్పుడే మొదలవుతుంది.

జూలై అన్నిటికీ మధ్యస్థం. సాకై అనే ఎర్ర సాల్మన్ నదుల్లో జోరుగా ఉంటుంది, పఫిన్లు గూళ్ల దగ్గర ఉంటాయి, కొండదారుల్లో మంచు తగ్గుతుంది. దోమలూ ఇప్పుడే ఎక్కువ. ఒకటే వాంఛనీయం కానిది జూలై 4 ప్రాంతం. ఆ రోజు స్యూవర్డ్‌లో మౌంట్ మారథాన్ అనే కొండ పరుగు పందెం జరుగుతుంది. 1915 నుంచి ఉన్న పోటీ అది. చిన్న ఊరు జనంతో కిక్కిరిసిపోతుంది, గదులు నెలల ముందే అయిపోతాయి. పందెం చూడాలని ఉంటే సరే, లేకపోతే ఆ వారం స్యూవర్డ్ జోలికి పోవద్దు.

ఆగస్టులో వానలు పెరుగుతాయి. సిల్వర్ సాల్మన్ వస్తుంది, దాని వెనకే ఆంకరేజ్ దాటాక వచ్చే టర్నగెయిన్ ఆర్మ్ అనే సముద్రపు పాయలోకి తెల్ల బెలూగా తిమింగలాలు వస్తాయి. నెలాఖరుకు పఫిన్లు సముద్రం మీదికి వెళ్లిపోవడం మొదలవుతుంది. పిల్లల స్కూలు సెలవులను బట్టి వెళ్లే వాళ్లకు జూలై రెండో, మూడో వారం మేలని నా అభిప్రాయం.

రెండో పని: రెండే మకాంలు

స్యూవర్డ్‌లో నాలుగు రాత్రులు, హోమర్‌లో మూడు. విమానం దిగిన రోజు, ఎక్కే ముందు రోజు ఆంకరేజ్‌లో. అంతే. రోజుకో ఊరు మారితే, బోటు రద్దయిన రోజున ఇంకో రోజుకు జరుపుకునే వీలుండదు. ఈ తీరంలో గాలి, మబ్బు బాగాలేక బోట్లు, విమానాలు రద్దవడం మామూలే. నాలుగు రాత్రులు ఒకేచోట ఉంటే ఒక రోజు పోయినా ట్రిప్ పోదు.

ఆంకరేజ్ నుంచి స్యూవర్డ్ 127 మైళ్లు, ఆగకుండా వెళ్తే రెండున్నర గంటలు. హోమర్ దాదాపు 220 మైళ్లు, నాలుగున్నర నుంచి ఐదు గంటలు. డ్రైవింగ్ వద్దనుకుంటే స్యూవర్డ్ వరకు అలాస్కా రైల్‌రోడ్ వారి కోస్టల్ క్లాసిక్ రైలు ఉంది. ఉదయం బయల్దేరి నాలుగు గంటలకు పైగా తీసుకుంటుంది, రోడ్డుకు కనపడని గ్లేసియర్లను (మంచునదులను) చూపిస్తుంది. పెద్దవాళ్లను రైల్లో పంపి మిగతావాళ్లు కారులో వెళ్లడం మంచి ఏర్పాటే. హోమర్‌కు మాత్రం రైలు లేదు.

మూడో పని: ఆటుపోట్ల పట్టిక చదవడం

వాతావరణం యాప్ కంటే ఇక్కడ ఇది ముఖ్యం. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా (NOAA) వారి సైట్లో ఏ ఊరికి ఆ ఊరి పట్టిక ఉచితంగా దొరుకుతుంది. ఆంకరేజ్‌కు, స్యూవర్డ్‌కు, హోమర్‌కు వేర్వేరు సమయాలు, వేర్వేరు ఎత్తులు. ఒక ఊరి పట్టిక పట్టుకుని ఇంకో ఊళ్లో నడవకూడదు.

పట్టికలో రోజుకు రెండు పోట్లు (నీరు పైకి వచ్చేవి), రెండు ఆటులు (నీరు వెనక్కి తీసేవి) ఉంటాయి. ఎత్తు అడుగుల్లో ఇస్తారు. సున్నా కంటే తక్కువగా, అంటే మైనస్ గుర్తుతో ఉన్న రోజులను ముందే గుర్తు పెట్టుకోండి. ఆ రోజు సముద్రం మామూలు కంటే బాగా వెనక్కి పోతుంది. అవి అమావాస్య, పౌర్ణమి ముందువెనకల్లో వస్తాయి కాబట్టి ఇంట్లో వేలాడే తెలుగు క్యాలెండర్ చూసి కూడా వారం ఎంచుకోవచ్చు. నిమిషాల లెక్క మాత్రం పట్టికదే.

ఈ ట్రిప్‌లో మూడు పనులు ఆటుపోట్ల మీద ఆధారపడి ఉంటాయి: టర్నగెయిన్‌లో బోర్ అల (గోడలా లోపలికి వచ్చే పోటు) చూడటం, స్యూవర్డ్ దగ్గర కేన్స్ హెడ్ నడక, హోమర్‌లో రాళ్ల గుంటలు చూడటం. వీటికి తేదీలు పడ్డాకే మిగతావి సర్దుకోండి.

స్యూవర్డ్ దారిలో

రెండున్నర గంటల దారికి ఐదారు గంటలు పెట్టుకోండి. ఆంకరేజ్ దాటుతుండగానే పాటర్ మార్ష్ వస్తుంది. చిత్తడి నేల మీద చెక్క వంతెన, తేలిక నడక, పెద్దవాళ్లకూ ఇబ్బంది ఉండదు. ఇక్కడ గూడు కట్టే ఆర్కిటిక్ టర్న్ పక్షి చలికాలాన్ని అంటార్కిటికా వైపు గడిపి మళ్లీ ఇక్కడికి వస్తుంది.

తర్వాత రోడ్డు టర్నగెయిన్ ఆర్మ్ అంచు పట్టుకుని పోతుంది. సన్నటి సముద్రపు పాయ ఇది. 1778లో కెప్టెన్ కుక్ బృందం దారి వెతుక్కుంటూ వచ్చి, ముందుకు దారి లేక మళ్లీ వెనక్కి తిరగాల్సి వచ్చిన చోటు, ఆ పేరే మిగిలింది. ఇక్కడి పోటు ప్రపంచంలోని పెద్ద పోట్లలో ఒకటి. ఆటు తర్వాత తిరిగొచ్చే నీరు ఒక్కోసారి గోడలా ఒకే అలగా లోపలికి వస్తుంది. దాన్నే బోర్ టైడ్ అంటారు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పెద్దది. ఆంకరేజ్ ఆటు సమయం దాటిన గంట తర్వాతి నుంచి చూడొచ్చు, పాయ లోపలికి వెళ్లేకొద్దీ ఇంకా ఆలస్యం. బెలూగా పాయింట్, బర్డ్ పాయింట్ దగ్గర కారు ఆపుకునే చోట్లున్నాయి.

ఆగస్టులో అయితే బెలూగా పాయింట్ దగ్గర కాసేపు ఓపిక పట్టండి. పోటుతో పాటు చేపలు, చేపలతో పాటు తిమింగలాలు లోపలికి వస్తాయి. బూడిదరంగు నీళ్లలో తెల్లటి వీపులు లేచి మునుగుతుంటాయి. కుక్ ఇన్‌లెట్ బెలూగాలు ఇప్పుడు కొన్ని వందలే మిగిలాయి. 2008లో వీటిని అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చారు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. నీరు తీసినప్పుడు కనిపించే ఆ బురద మైదానం మీద అడుగు పెట్టొద్దు. ఇసుకలా గట్టిగా కనిపిస్తుంది. గ్లేసియర్లు నూరిన మెత్తటి రాతిపొడి అది. కాలు దిగిందంటే చుట్టూ బిగుసుకుంటుంది, పోటు తిరిగొచ్చేది వేగంగా. ఇక్కడ మనుషులు చనిపోయారు. పిల్లలు కిందికి దిగి ఫొటో తీసుకుంటామంటే ఒప్పుకోవద్దు.

బోటు రోజు

ట్రిప్ మొత్తంలో ఎక్కువ డబ్బు పెట్టాల్సిన రోజుల్లో ఇదొకటి, పెట్టినందుకు ఎక్కువ దక్కేదీ ఇదే. స్యూవర్డ్ హార్బర్ నుంచి కీనై ఫియర్డ్స్ నేషనల్ పార్కులోకి బోట్లు వెళ్తాయి. గ్లేసియర్ తొలిచిన లోయలోకి సముద్రం వచ్చి నిండితే ఫియర్డ్ అంటారు. కొండలమీద దాదాపు 700 చదరపు మైళ్ల హార్డింగ్ మంచు మైదానం, దాన్నుంచి నలభైకి దగ్గరగా గ్లేసియర్లు నలువైపులా దిగుతాయి, కొన్ని నేరుగా సముద్రంలోకే. 1980లో దీన్ని నేషనల్ పార్కు చేశారు.

టికెట్లు మూడు రకాలు. నాలుగు గంటల ట్రిప్ రిసరెక్షన్ బే లోపలే తిరిగి వచ్చేస్తుంది. ఆరు గంటలది ఐయాలిక్ లేదా హోల్‌గేట్ గ్లేసియర్ దాకా వెళ్తుంది. ఎనిమిదిన్నర గంటలదైతే నార్త్‌వెస్టర్న్ ఫియర్డ్ వరకు. చిన్న పిల్లలు, సముద్రం పడని పెద్దవాళ్లు ఉంటే నాలుగు గంటలదే చాలు. నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, సీ ఆటర్లు, గద్దలు, తరచూ పఫిన్లు కూడా కనిపిస్తాయి. మిగతా అందరికీ ఆరు గంటలది. ఎనిమిదిన్నర గంటలది పక్షులన్నా ఫొటోలన్నా పిచ్చి ఉన్నవాళ్లకు.

కడుపులో తిప్పడం గురించి ముందే ఆలోచించండి. బే దాటి కేప్ ఐయాలిక్ చుట్టూ తిరిగేటప్పుడు బోటు పసిఫిక్ అలల మీదికి వస్తుంది. అక్కడే చాలామందికి మొదలవుతుంది. మెక్లిజీన్ లాంటి మాత్ర ముందు రాత్రి, మళ్లీ బోటెక్కే గంట ముందు వేసుకుంటారు. మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. బీపీ, గ్లాకోమా, ప్రోస్టేట్ మందులు వాడే పెద్దవాళ్లు డాక్టర్‌ను అడిగి తీసుకోవాలి. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, నూనె ఎక్కువున్న టిఫిన్ కూడా వద్దు. బోటు వెనక భాగంలో, బయట నిలబడి దూరంగా గీతలా కనిపించే దిగంతం వైపు చూడాలి. లోపల కూర్చుని ఫోన్ చూస్తే మాత్రం వాంతి ఖాయం.

ఏ పక్క సీటు మంచిదని అడుగుతుంటారు. పక్కతో పని లేదు, కెప్టెన్ బోటును తిప్పుతాడు. సీటులో కూర్చోకుండా బయట డెక్ మీద ఉండటమే పని. మైకులో "రెండు గంటల వైపు" అంటే టైమ్ చెప్పడం కాదు, బోటు ముందు కొన 12 అనుకుంటే దానికి కుడివైపు రెండంకె ఉండే దిక్కు. పిల్లలకు ఇది ముందే నేర్పండి, వాళ్లే ముందు కనిపెడతారు.

మీ అంతట మీరు వెతకాలంటే పక్షులను చూడండి. ఒకేచోట కిట్టివేక్ పక్షులు గుంపుగా సుడి తిరుగుతూ నీళ్లలోకి దూకుతున్నాయంటే కింద చిన్న చేపల గుంపుంది. ఆ చేపలను కింది నుంచి తరిమే హంప్‌బ్యాక్ తిమింగలం కూడా ఉండొచ్చు. నీళ్లమీద తెల్లటి ఆవిరి లేచిన చోటునే చూస్తూ ఉండకండి, అది ముందుకు కదులుతూ ఉంటుంది. అది వెళ్లే దిక్కుకు కాస్త ముందుకు చూపు పెట్టండి. తోక మొత్తం పైకి లేచిందంటే లోతుకు వెళ్తోందని అర్థం, ఇక కొన్ని నిమిషాలు రాదు. కెమెరా దించి చుట్టూ చూసుకోవచ్చు.

ఈ తీరంలో కనిపించే ఓర్కాల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. ఇక్కడ ఎక్కువగా కనిపించేవి చేపలు, ముఖ్యంగా సాల్మన్ తినే రెసిడెంట్ కుటుంబాలు. పిల్లలు, మగవైనా ఆడవైనా, జీవితాంతం తల్లి గుంపుతోనే ఉంటాయి. రెండో రకం సీల్స్‌ను, పోర్పాయిజ్‌లను (డాల్ఫిన్‌ లాంటి చిన్న జంతువులను) వేటాడుతుంది. చిన్న గుంపులు, చప్పుడు చేయవు. నలుపు తెలుపుల్లో చిన్నగా ఉండి బోటు ముక్కు ముందు జిగ్‌జాగ్‌గా దూసుకెళ్లేవి ఓర్కా పిల్లలు కావు, డాల్ పోర్పాయిజ్‌లు.

సీ ఆటర్ మన కోరింగ మడ అడవుల్లోని నీటికుక్కలకు దూరపు చుట్టం. తిమింగలాలకు, సీల్స్‌కు ఉన్నట్టు దీనికి కొవ్వు పొర లేదు. చదరపు అంగుళానికి పది లక్షల వరకు వెంట్రుకలుండే బొచ్చే దాని చలికోటు. ఒళ్లు వేడిగా ఉంచుకోవడానికి రోజూ తన బరువులో నాలుగో వంతు దాకా తింటుంది. ఆ బొచ్చు కోసమే ఒకప్పుడు దాదాపు తుడిచిపెట్టేశారు, 1911 ఒప్పందంతో వేట ఆగింది. వెల్లకిలా తేలుతూ పొట్టమీద గుల్లలు పగలగొట్టుకుంటుంది. హార్బర్‌లో బోటు కదలక ముందే దీన్ని చూసే అవకాశం ఎక్కువ, కాబట్టి అరగంట ముందు వెళ్లండి.

చిజ్‌వెల్ దీవుల దగ్గర స్టెల్లర్ సముద్ర సింహాలు, రెండు రకాల పఫిన్లు, కొండ అంచుల నిండా మర్ పక్షులు. మర్లు చూడటానికి మామూలు నలుపుతెలుపు పక్షులు, అందుకే ఎవరూ కెమెరా ఎత్తరు. ఎత్తండి. 2014 నుంచి 2016 వరకు ఈ సముద్రం అసాధారణంగా వేడెక్కి చిన్న చేపలు తగ్గిపోయినప్పుడు, అలాస్కాలోని కామన్ మర్‌లలో సగం, దాదాపు 40 లక్షలు, ఆకలితో చనిపోయాయి. ఈ మధ్యకాలంలో ఒకే అడవి జాతికి ఇంత నష్టం నమోదైన సందర్భాలు అరుదు.

గ్లేసియర్ ముందు కెప్టెన్ ఇంజన్ నెమ్మది చేసి ఆపుతాడు. మంచు విరిగిన చప్పుడు చెవికి చేరేలోపే ముక్క నీళ్లలో పడిపోయి ఉంటుంది. అందుకే చప్పుడు విని కెమెరా తిప్పితే ఏమీ దొరకదు. ఇంతకుముందు ఎక్కడ రాలిందో అక్కడే గురిపెట్టి ఉంచండి. మంచు మీంచి వచ్చే గాలికి జూలైలో కూడా చేతులు కొంకర్లు పోతాయి.

హంప్‌బ్యాక్‌కు 100 గజాల లోపు బోటుతో దగ్గరకు పోవడం అలాస్కాలో చట్టరీత్యా నేరం. ఇంకొంచెం దగ్గరకు పోనివ్వమని కెప్టెన్‌ను బతిమాలొద్దు.

కాలినడక

స్యూవర్డ్ దగ్గర మూడు దారులు చెప్తాను, మీ ఇంట్లో వాళ్లను బట్టి ఎంచుకోండి.

ఎగ్జిట్ గ్లేసియర్ వరకు కారు వెళ్తుంది. పార్కులో రోడ్డున్న చోటు ఇదొక్కటే, ప్రవేశ రుసుము లేదు. దారి పొడవునా సంవత్సరాల బోర్డులుంటాయి, ఆయా ఏడాది మంచు అంచు అక్కడుండేదని గుర్తు. కారులోంచే ఒక్కో బోర్డు దాటుతుంటే అది ఎంత వెనక్కి పోయిందో తెలుస్తుంది. 2015లో అధ్యక్షుడిగా ఒబామా వచ్చి చూసింది ఈ గ్లేసియర్‌నే.

అక్కడి నుంచే హార్డింగ్ మంచు మైదానానికి దారి. రానుపోను 8.2 మైళ్లు, మైలుకు దాదాపు వెయ్యి అడుగుల ఎక్కుడు, ఆరు నుంచి ఎనిమిది గంటలు. మోకాళ్లు బాగున్నవాళ్లకే. పైదాకా పోలేకపోయినా ఒకటిన్నర మైలు దగ్గర వచ్చే మార్మట్ మెడోస్ వరకు వెళ్లి తిరిగిరండి, గ్లేసియర్ పక్కనుంచి బాగా కనిపిస్తుంది. దారిలో నల్ల ఎలుగులు తరచూ తిరుగుతాయి.

మూడోది కేన్స్ హెడ్. లోవెల్ పాయింట్ నుంచి నార్త్ బీచ్ వరకు నాలుగున్నర మైళ్లు, అక్కడి నుంచి ఇంకో రెండు మైళ్లు పోతే రెండో ప్రపంచ యుద్ధం నాటి కోట ఉంది. టాన్సీనా పాయింట్ దాటాక దారి సముద్రపు ఒడ్డే, అది కూడా నీరు బాగా తీసినప్పుడే. స్యూవర్డ్ పట్టికలో ఆటు మూడు అడుగులు, అంతకంటే తక్కువ ఉన్న రోజే వెళ్లాలి. ఆటు సమయానికి రెండు గంటల ముందే ఆ ఒడ్డు మొదలుపెట్టేలా బయల్దేరండి. తిరుగుప్రయాణానికి మళ్లీ తర్వాతి ఆటు దాకా ఆగాలి, లేదా వాటర్ ట్యాక్సీ మాట్లాడుకోవాలి. ఇంత లెక్క వద్దనుకుంటే టాన్సీనా దగ్గర ఆగిపోండి. వేసవి రెండో భాగంలో అక్కడి వాగులోకే సాల్మన్ వస్తుంది.

హోమర్ వెళ్లేటప్పుడు కూపర్ లాండింగ్ దాటాక రష్యన్ రివర్ ఫాల్స్ ఉంది. రెండు మైళ్లకు కొంచెం ఎక్కువ నడక, పెద్ద ఎక్కుడు లేదు. సాకై చేపలు ఇక్కడ రెండు విడతలుగా వస్తాయి. ఒకటి జూన్ మధ్య నుంచి, రెండోది జూలై మధ్య నుంచి ఆగస్టు దాకా. ఎర్రటి చేపలు తెల్లటి నురగలోంచి పైకి ఎగరడం నిలబడి చూడొచ్చు. ఆ చేపల కోసం ఎలుగులూ వస్తాయి.

ఎలుగుబంటి తిరిగే చోట నడవడం

ఇది అందరూ, పిల్లలతో సహా, వెళ్లే ముందు ఇంట్లోనే మాట్లాడుకోవాల్సిన విషయం.

ఎలుగును ఉలిక్కిపడేలా చేయకపోవడమే మొదటి జాగ్రత్త. మలుపుల్లో, పొదలు దట్టంగా ఉన్నచోట, వాగు చప్పుడు ఎక్కువున్నచోట గట్టిగా మాట్లాడుతూ, చప్పట్లు కొడుతూ నడవండి. అంత్యాక్షరి ఆడుకుంటూ వెళ్లే కుటుంబానికి ఈ భయం చాలా తక్కువ. షాపుల్లో అమ్మే చిన్న గంటలు దండగ. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు. పిల్లలను ముందు పరిగెత్తనివ్వొద్దు.

బేర్ స్ప్రే కొనుక్కోండి. విమానంలో చేతి సంచిలోనూ, చెక్-ఇన్‌లోనూ దానికి అనుమతి లేదు కాబట్టి ఆంకరేజ్‌లో దిగాకే కొనాలి. నడుముకు కట్టుకోవాలి, బ్యాగులో అడుగున ఉంటే ఉపయోగం లేదు. సేఫ్టీ క్లిప్ ఎలా తీయాలో షాపులోనే అడిగి నేర్చుకోండి. ఇది దోమల మందులా ఒంటికి రాసుకునేది కాదు, టెంటుకు కొట్టేదీ కాదు. ఎలుగు మీదికి వస్తే దాని ముఖం ముందు మేఘంలా అడ్డు వేసే ఘాటైన మిరప మందు.

ఎదురైతే పరుగెత్తొద్దు. అందరూ ఒకచోట చేరండి, నెమ్మదిగా మాట్లాడుతూ మెల్లగా వెనక్కి జరగండి. పిల్లలున్న తల్లి ఎలుగు అయితే దానికీ పిల్లలకూ మధ్యలో పడొద్దు. గోధుమ ఎలుగు నిజంగా ఒంటిమీద పడితే బోర్లా పడుకుని మెడను చేతులతో కప్పుకుని కదలకుండా ఉండాలి. నల్ల ఎలుగు అయితే చేతికందిన దానితో తిరగబడాలి. రంగును నమ్మొద్దు, గోధుమ రంగు నల్ల ఎలుగులూ ఉంటాయి. భుజాల మీద మూపురం కనిపిస్తే అది గోధుమ ఎలుగు.

ఎలుగు గురించి ఇంత టెన్షన్ పడేవాళ్లు మూస్‌ను మాత్రం మన ఊళ్లో గేదెను చూసినట్టు చూస్తారు. అలాస్కాలో ఎలుగుల కంటే మూస్‌ల వల్లే ఎక్కువమందికి దెబ్బలు తగులుతాయి. మే, జూన్‌లలో దూడతో ఉన్న తల్లి మరీ ప్రమాదం. చెవులు వెనక్కి వాలి, మెడమీద వెంట్రుకలు లేస్తే మీదికి రాబోతోందని అర్థం. మూస్ వస్తే మాత్రం పరుగెత్తాలి, లావుపాటి చెట్టు చాటుకు పోవాలి.

ఇక తిండి. ఆవకాయ, పులిహోర, వేయించిన పల్లీలు టెంటులో పెట్టుకుని పడుకోవడం కుదరదు. టూత్‌పేస్ట్, సబ్బు కూడా ఎలుగుకు తిండి వాసనే. క్యాంప్‌గ్రౌండ్లలో ఇనుప పెట్టెలుంటాయి, అన్నీ అందులోనే. పాత్రలు కడిగిన నీళ్లు టెంటు పక్కన పారబోయొద్దు.

ఎలుగులను తీరిగ్గా చూడాలంటే

నడకదారిలో తప్పించుకోవాలి, మరి చూడటం ఎక్కడ? కుక్ ఇన్‌లెట్ అవతల, రోడ్డు లేని లేక్ క్లార్క్, కట్మాయ్ నేషనల్ పార్కుల్లో. హోమర్ లేదా ఆంకరేజ్ నుంచి చిన్న విమానంలో ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. మనిషికి వెయ్యి డాలర్ల అటూఇటూ అవుతుంది. నలుగురికి ఇది పెద్ద ఖర్చే. అయినా బోటు తర్వాత డబ్బు పెట్టాల్సింది దీనికే అంటాను.

ఇక్కడా తిండే లెక్క. జూన్‌లో తీరపు ఎలుగులు ఉప్పు పచ్చిక మేస్తాయి, నీరు తీసినప్పుడు బురదలోంచి గుల్లలు తవ్వుకుంటాయి. అప్పుడు లేక్ క్లార్క్ తీరంలోని చినిట్నా బే, సిల్వర్ సాల్మన్ క్రీక్ వైపు పోవాలి. జూలైలో కట్మాయ్‌లోని బ్రూక్స్ ఫాల్స్. జలపాతం అంచున నిలబడి ఎగిరే చేపను నోటితో పట్టే ఎలుగు ఫొటో మీరు చూసే ఉంటారు, అది ఇక్కడిదే. దిగగానే రేంజర్లు తప్పనిసరి పాఠం చెప్తారు. రద్దీ రోజుల్లో జలపాతం ముందు వేదిక మీద కొంతసేపే ఉండనిస్తారు. ఆగస్టులో మాత్రం బ్రూక్స్ వద్దు. చేపలు పై నీళ్లలోకి చెదిరిపోతాయి, ఎలుగులూ వెళ్లిపోతాయి. సెప్టెంబర్‌లో చచ్చిన సాల్మన్ కోసం బాగా లావెక్కి తిరిగొస్తాయి.

విమానం ఎక్కేముందు ప్రతి ఒక్కరి బరువు చూస్తారు, సంచులతో సహా. మొహమాటపడి తక్కువ చెప్పొద్దు, పైలట్ లెక్క దాని మీదే. ఇన్‌లెట్ దాటేటప్పుడు ఇలియామ్నా, రిడౌట్ అగ్నిపర్వతాలు కనిపిస్తాయి.

హోమర్‌లో ఆటు రోజు

హోమర్ ముందున్న కచెమాక్ బేలో పెద్ద పోటుకూ పెద్ద ఆటుకూ మధ్య తేడా 28 అడుగుల దాకా ఉంటుంది. మైనస్ రోజున ఆటుకు గంట ముందు ఒడ్డుకు చేరి, తీస్తున్న నీటి వెంటే దిగండి. నీరు తిరిగినప్పుడు మీరూ తిరగండి. రాళ్ల గుంటల్లో సముద్ర నక్షత్రాలు, ఆనిమోన్లు, పీతలు. తడి చేత్తో తాకొచ్చు, పీకి ఎత్తొద్దు. తిరగేసిన రాయిని మళ్లీ అలాగే పెట్టాలి. రబ్బరు బూట్లు కావాలి, పాచిమీద మామూలు షూ జారుతుంది. మా ఇళ్లలో ఎనిమిదేళ్ల పిల్లలకైనా డెబ్భై ఏళ్ల తాతకైనా అన్నిటికంటే నచ్చేది ఇదే, ఖర్చు కూడా లేదు.

ఇంకో రోజు వాటర్ ట్యాక్సీలో బే దాటి గ్రూయింక్ గ్లేసియర్ సరస్సు దాకా నడిచి రండి. తిరిగి ఎక్కించుకునే సమయం గట్టిగా మాట్లాడుకోండి, అవతలి ఒడ్డున చాలాచోట్ల సిగ్నల్ ఉండదు.

సామాను, భోజనం

జూలైలో కూడా పగలు 15 నుంచి 18 డిగ్రీలే. జీన్స్, కాటన్ చొక్కాలు తడిస్తే ఆరవు. ఒంటికి అంటుకునే పల్చటి పొర, దానిమీద ఫ్లీస్, పైన నిజమైన రెయిన్ జాకెట్, రెయిన్ ప్యాంటు. టోపీ, గ్లవ్స్. అమ్మకు చీర మీద రెయిన్ కోటు సరిపోదు, బోటు రోజైనా ప్యాంటు వేసుకోమని ఒప్పించండి. ఎనిమిది రెట్లు చూపే బైనాక్యులర్స్ ఇద్దరికొకటి. కళ్లకు కట్టుకునే గుడ్డ తప్పనిసరి, లేకపోతే వెలుతురుకు నిద్ర పట్టదు.

శాకాహారులు బోటు టికెట్ కొనేటప్పుడే భోజనం సంగతి అడగండి. స్యూవర్డ్, హోమర్‌లలో హోటళ్లంటే చేపలే ప్రధానం. వంటగది ఉన్న గది తీసుకుని, బియ్యం, కూరగాయలు ఆంకరేజ్‌లోనే కొనుక్కుని వెళ్తే సగం గొడవ తీరుతుంది. ఇన్‌స్టంట్ ఉప్మా పాకెట్లు బోటుకు, నడకకు బాగా పనికొస్తాయి.

బుకింగ్ వరస

ముందు ఆటుపోట్ల పట్టిక, తర్వాత ఎలుగుల విమానం, తర్వాత గదులు, కారు, ఆ తర్వాత బోటు, చివర్లో ఆంకరేజ్ టికెట్లు. మామూలుగా అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. చౌక విమానం టికెట్ దొరికిందని తేదీలు ఖాయం చేసుకుంటే చేపల వారం చేజారుతుంది. కారు మాత్రం చలికాలంలోనే బుక్ చేసేయండి, వేసవికి ధరలు ఎక్కడికో పోతాయి.

బోటును స్యూవర్డ్‌లో రెండో రోజుకు, విమానాన్ని హోమర్‌లో మొదటి పూర్తి రోజుకు పెట్టండి. రద్దయితే జరుపుకోవడానికి వెనక రోజు ఉంటుంది. వానలో చిక్కుకుపోయిన రోజుకు స్యూవర్డ్‌లో అలాస్కా సీలైఫ్ సెంటర్ ఉంది. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికాక వచ్చిన పరిహారపు సొమ్ముతో చాలావరకు కట్టి 1998లో తెరిచారు. గాయపడిన సీల్స్‌కు, ఆటర్లకు వైద్యం చేస్తారు, నీళ్లలో పఫిన్ రెక్కలు ఆడిస్తూ ఈదడం అద్దం ఇవతల నుంచి చూడొచ్చు.

తిరుగు విమానం ముందు బేర్ స్ప్రే డబ్బా సంచిలో ఉండిపోలేదు కదా అని చూసుకోండి. వాడని డబ్బాను గది యజమానికో, అప్పుడే దిగుతున్న ఇంకో కుటుంబానికో ఇచ్చేయండి, గడువు తేదీ ఇంకా ఉంటే వాళ్లకు నలభై యాభై డాలర్లు మిగులుతాయి.